గొంతు దిగని రసం

పోయినవారం మనం రాజ్యలక్ష్మిని బెజవాడలో సీతారామాంజనేయులుగారి వరండాలో నిలబెట్టి వచ్చేశాం. పాపం చాలాసేపే నిలబడింది. కూర్చోమని ఆయన అనలేదు, కదలాలని ఆవిడా అనుకోలేదు. చివరికి ఆయనే విసుగెత్తి, "సరేనమ్మా, ఆదివారం మీ తోటకే వచ్చి ఇంకోసారి రుచి చూస్తాను. ఆ రోజు చెప్పేదే ఆఖరి మాట" అన్నాడు. అంత పెద్దమనిషి చేత ఆ మాట అనిపించుకుని ఆవిడ ఆగిరిపల్లి బస్సెక్కింది.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆగిరిపల్లి పొలిమేర తోటలో పున్నయ్యగారు టెంక నాటి పెంచిన మామిడిచెట్టు ఒకటుంది. దాని పండు చూసి మురిసిపోయి, తోటంతా దాని అంట్లే కట్టించి, పండుకి పున్నయ్య రసం అని తన పేరే పెట్టుకుని, పెద్దాయన నిరుడు పోయాడు. ఇప్పుడు తోట చూసేది చిన్నకోడలు రాజ్యలక్ష్మి. ఆవిడ భర్త సత్యనారాయణ బంగారంలాంటి మనిషి. అన్నగారి ఎదుట నోరు పెగలదు, అదొక్కటే లోపం. కనుక ఈ ఆదివారం అతనికి మైలవరంలో ఏదో పని పడింది.

ఇక సీతారామాంజనేయులు సంగతి. నూజివీడు చుట్టుపక్కల మామిడి ఉన్న ప్రతి ఊళ్ళోనూ 'ఫలవాణి' పత్రిక ఉంటుంది. అందులో 'పండు పరీక్ష' రాసేది ఈయనే. బెజవాడ షావుకార్లు తోట చూడ్డానికి బయల్దేరేముందు ఫలవాణి చూసుకుంటారు. ఈయన మెచ్చిన పండుకి లారీ వస్తుంది. మెచ్చని పండుకి ఈగలు వస్తాయి. ఈ వేసవిలో పున్నయ్య రసం గురించి ఈయన రాసింది రెండే వాక్యాలు. "ముందు తీపి, వెనక శూన్యం. పచ్చడి ముక్కలకు ప్రయత్నించవచ్చును."

ఆ రెండు వాక్యాలతో తోటకి షావుకారన్నవాడు రావడం మానేశాడు. రాజ్యలక్ష్మి బావగారు లక్ష్మీనరసింహారావు, ఉమ్మడి ఆస్తికి పెద్ద, ఇక ఆగలేనన్నాడు. "ఆదివారం భోజనాలు అయ్యాక వస్తాను. ఆయన మళ్ళీ అదే మాటంటే, అక్కడికక్కడే రంపాలు పెట్టించి చెట్ల తలలు కొట్టిస్తాను. వానలు పడగానే బంగినపల్లి అంట్లు కట్టిస్తాను" అని కబురు పంపాడు. అన్నమాట తప్పే మనిషి కాదాయన. అదే వచ్చిన చిక్కు.

ఆదివారం పొద్దెక్కేసరికి తోట గుమ్మంలో గుర్రబ్బండి ఆగింది. సీతారామాంజనేయులు దిగాడు. గంజి పెట్టిన లాల్చీ, వెండి పొన్ను వేసిన చేతికర్ర, తోటనంతా ఒక్క చూపులో కొనేసినట్టు నడక. వెనక ఆయన భార్య గోవిందమ్మ. కొండెక్కి శోభనాచలస్వామి దర్శనం చేసుకుని అటునించటే వచ్చారు. ఆవిడ రాగానే రాజ్యలక్ష్మి చేతిలో ప్రసాదం పెట్టి, "ఎంత చల్లగా ఉందమ్మా మీ తోట" అంది. రాజ్యలక్ష్మికి ఆవిడ ఆ నిమిషంలోనే నచ్చేసింది.

పండ్ల సంగతి రాజ్యలక్ష్మి ఎవరికీ అప్పజెప్పలేదు. వరిగడ్డిలో మాగినవాటిని తనే ముట్టుకుని చూసి ఏరి, బావినీళ్ళు నింపిన బకెట్లో వేసింది. పందిరికింద పీట వేసి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టింది. రసం పండుకి ఇంతకంటే హంగామా ఎందుకు? తొడిమ ఊడదీసి, మొదటి సొనచుక్క నేలకి వదిలి, మెత్తగా పిసికి నోటికి పెట్టుకోవడమే కదా.

సీతారామాంజనేయులు పీట మీద కూచుని బకెట్టు వంక చూసి, "చాకు తే అమ్మాయ్" అన్నాడు.

"రసానికి చాకెందుకండీ?"

"చాకు, చెంచా, రెండు గిన్నెలు. అందులో ఒకటి ఖాళీది."

తెచ్చింది. ఆయన పండుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎండకి పట్టి రంగు చూశాడు. చాకుతో తల కోసి, రసం గిన్నెలోకి పిండి, చెంచాతో ఇంత తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బుగ్గలు ఇటూ అటూ కదిలాయి. రాజ్యలక్ష్మి ఆ బుగ్గల వంకే చూస్తోంది. గోవిందమ్మ మాత్రం తల తిప్పుకుని చెట్ల వంక చూస్తోంది.

ఆయన వంగి, ఖాళీ గిన్నెలో ఉమ్మేశాడు.

రాజ్యలక్ష్మికి ప్రాణం చివుక్కుమంది. తన ఇంట్లో పుట్టిన పండుని తన కళ్ళముందు ఉమ్మేయడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. "అంత బాగాలేదాండీ?" అంది. అడిగినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"బాగున్నా ఉమ్ముతాను, బాగాలేకపోయినా ఉమ్ముతాను. అది పద్ధతి" అన్నాడాయన రుమాలుతో మూతి తుడుచుకుంటూ. "ఫ్రాన్సు దేశంలో ద్రాక్షసారా పరీక్ష చేసే పెద్దలున్నారు. మద్రాసులో నేను పనిచేసిన కంపెనీ దొర వాళ్ళ పత్రికలు తెప్పించుకునేవాడు. అన్నీ చదివాను. వాళ్ళు ఒక మంచిమాట రాస్తే ఆ తోట సారా రాజుల బల్లల మీదికి ఎక్కుతుంది. ఒక చెడ్డమాట రాస్తే పీపాలు పీపాలుగా కొట్లోనే పులిసిపోతుంది. అంతటివాళ్ళు కూడా ఒక్క చుక్క మింగరమ్మా. పుక్కిలించి ఉమ్మేస్తారు. నాలుక మీద ఉన్నంతసేపే పరీక్ష. మింగితే అది భోజనం."

మన జిల్లాలో సారా మాటెత్తితే పోలీసులు వచ్చే రోజులు. ఆయన మాత్రం ఆ మాట గుళ్ళో మంత్రం చెప్పినంత దర్జాగా చెప్పాడు. చెప్పి, రెండో పండు కోశాడు. అదీ ఉమ్మేశాడు. చాకు తుడిచి పక్కన పెట్టాడు.

"మార్పు లేదు. ముందు తీపి, వెనక శూన్యం. నువ్వు కష్టపడే పిల్లవని నాకు తెలుసు. కానీ నాలుక అబద్ధం చెప్పదు కదా!"

రాజ్యలక్ష్మికి ఒళ్ళు మండిపోతోంది, ఏడుపూ వస్తోంది. ఆ రెండూ కలిసి వచ్చినప్పుడు మాట్లాడకూడదని ఆవిడకు తెలుసు. గిన్నెలు తీసి, "అన్నానికి లేవండి" అంది. తీర్పు ఏదైనా, మధ్యాహ్నం వేళ తన ఇంట్లో ఉన్నవాళ్ళు ఆకలితో వెళ్ళడానికి వీల్లేదు.

పందిరికిందే విస్తళ్ళు వేసింది. పప్పు, గోంగూర, పులుసు అయ్యాయి. తీర్పు చెప్పేశానన్న నిశ్చింతతో సీతారామాంజనేయులు బాగానే తిన్నాడు. పెరుగు వడ్డించాక రాజ్యలక్ష్మి బకెట్లోంచి రెండు పండ్లు తెచ్చింది. పరీక్షకి కాదు. పెరుగన్నంలోకి పండు వెయ్యకుండా చుట్టాన్ని లేపడం ఈ ప్రాంతంలో ఎవరికీ చాతకాదు. గోవిందమ్మ విస్తట్లో ఒకటి పెట్టి, రెండోది ఆయన విస్తట్లో పెట్టబోయింది.

గోవిందమ్మ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయనకి వెయ్యకమ్మా. ఆయన మామిడిపండు గయలో వదిలేశారు."

పండు రాజ్యలక్ష్మి చేతిలోనే ఉండిపోయింది.

గోవిందమ్మకి తనేం చెప్పిందో తెలియలేదు. తెలిసిన ఇంట్లో తెలిసిన మాట చెప్పినట్టు చెప్పుకుపోయింది. "మా మావయ్యగారికి పిండం పెట్టడానికి వెళ్ళాం కదా. అక్కడ ఒక కాయో పండో వదిలెయ్యమంటారు. నేను కాకరకాయ వదిలాను. నేనెప్పుడూ తిన్నదాన్ని కాదు గనక నాకేం నష్టం లేదు. ఈయన ఊరుకుంటారా? అన్నింటికంటే ఇష్టమైందే వదలాలని పంతం. పిండం పెట్టించిన పండా కూడా ఆలోచించుకోమన్నాడు. వినలేదు. ఇదిగో, అప్పట్నించి ఒక్క పండు గొంతు దిగలేదు."

"గోవిందం!" అన్నాడు సీతారామాంజనేయులు.

ఆ కేకతో గోవిందమ్మకి అర్థమైంది. పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. సీతారామాంజనేయులు ముఖం చూస్తే పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టుంది.

రాజ్యలక్ష్మి పండుని నెమ్మదిగా బకెట్లో వేసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"బాబాయిగారూ, మీరు గయ వెళ్ళింది నూజివీడులో పండ్ల పోటీ పెట్టారే, ఆ ఏడే కదండీ?"

"అవును. ఆ చలికాలం. అయితే ఏంటి?"

"ఏం లేదు. మా మావయ్యగారికి చూపు ఆనేది కాదు. మీరు రాసిందల్లా నేనే చదివి వినిపించేదాన్ని. అందుకని గుర్తుంది. ఆ వేసవి దాకా మీరు రసాలని నెత్తిన పెట్టుకున్నారు. చిన్నరసం తాగాక కాసేపు ఎవరూ నాతో మాట్లాడొద్దు అని కూడా రాశారు. మావయ్య ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివించుకునేవారు. ఆ మరుసటేడు నుంచి చిన్నరసం బాగాలేదు. పెద్దరసం బాగాలేదు. చెరుకురసం బాగాలేదు. బాగుందల్లా బంగినపల్లి ఒక్కటే. పండ్లు మారిపోయాయేమో అనుకున్నాం. ఏమీ మారలేదన్నమాట. మీరు మింగడం మానేశారు."

సీతారామాంజనేయులు విస్తరి ముందునుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చేలోగా ఆయన పాత దర్జా సగం తిరిగి వచ్చింది.

"చూడమ్మాయ్. నేను శాస్త్రం అడగకుండా ఏదీ చెయ్యలేదు. నాలుక మీద పెట్టుకోవడం తినడం కిందకి రాదు, గొంతు దిగితేనే తిన్నట్టు అని మా పురోహితుడు చెప్పాడు. ఆ ద్రాక్షసారా పెద్దలూ అదే చేస్తున్నారు. ఇందులో తప్పేముంది?"

"వాళ్ళు ఉమ్మేది మత్తెక్కుతుందని కదండీ? మామిడిపండుకి మత్తేంటి?" అంది రాజ్యలక్ష్మి. "బంగినపల్లి కోసి పళ్ళెంలో పెడితే వాసనే చెప్పేస్తుంది. నాలుక మీద పెట్టగానే మిగతాది చెప్పేస్తుంది. రసం అలా కాదు బాబాయిగారూ. దాని సంగతంతా గొంతు దిగాకే. మీరు వెనక శూన్యం అని రాశారు. వెనక్కి పోనిస్తే కదండీ అక్కడేముందో తెలిసేది!"

"నేను అబద్ధం రాయలేదు. నాలుకకి తెలిసిందే రాశాను" అన్నాడు సీతారామాంజనేయులు.

"మింగలేదని రాయలేదు కదండీ."

ఆయన పీట మీద కూలబడ్డాడు. నిజానికి చెడ్డవాడు కాదు. ఊరంతా కాకరకాయలూ గుమ్మడికాయలూ వదిలి సుఖంగా తిరిగొస్తే, తండ్రి పేరు మీద ప్రాణంతో సమానమైంది వదిలిన మనిషి. తిరిగొచ్చేసరికి ఫలవాణి ఎడిటరు గుమ్మంలో ఉన్నాడు. వేసవి ముంచుకొస్తోంది. ఈ ఒక్క ఏడాదికీ అనుకున్నాడు. తర్వాత మానలేకపోయాడు. పేరు కూడా ఒక రుచే. దాన్ని మాత్రం ఆయన ఉమ్మలేదు.

"పోనీ ఇటియ్యి" అన్నాడు ఉన్నట్టుండి, బకెట్లోకి చెయ్యి పెడుతూ. "తింటాను. తిని రాస్తాను. పాపం నాకే తగలనీ."

"ఏవండీ!" అని గోవిందమ్మ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మావయ్యగారి పేరు చెప్పి వదిలింది... నేను చూస్తుండగా తింటారా?"

రాజ్యలక్ష్మి బకెట్టుని తనవైపు లాక్కుంది. ఆయన వేళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"వద్దండి. మీ నాన్నగారి కోసం వదిలింది మా గుమ్మంలో తినొద్దు. మా మావయ్య ఉన్నా ఒప్పుకోరు. మీరు పండు తినక్కర్లేదు, మెచ్చుకోనూ అక్కర్లేదు. గయ వెళ్ళొచ్చాక మామిడిపండు తినలేదని రాయండి, చాలు. మా పండు సంగతి తినేవాళ్ళు చూసుకుంటారు."

"అలా రాస్తే రేపు ఫలవాణిలో నా పేరు మిగలదమ్మా."

"రాయకపోతే ఈ సాయంత్రానికి మా మావయ్య పేరు మిగలదండి."

గుమ్మం దగ్గర ఎడ్లబండి చప్పుడైంది. లక్ష్మీనరసింహారావు వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో మడిచిన ఫలవాణి. వెనక చెట్లు కొట్టే సలోమోను, అతని మనుషులు. రంపాలు దింపి పెద్దచెట్టు మొదట్లో ఆనించారు. పున్నయ్యగారు టెంక నాటిన చెట్టు అదే.

లక్ష్మీనరసింహారావు మరదలి వంక చూడలేదు. నేరుగా పందిరికిందకి వచ్చి, చేతులు జోడించి, "నమస్కారమండి. ఎలా ఉంది పండు?" అన్నాడు.

సీతారామాంజనేయులు రాజ్యలక్ష్మి వంక చూశాడు. ఆవిడ బకెట్లో పండ్లు సర్దుతోంది. గోవిందమ్మ వంక చూశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. మునుపటి మాటే మళ్ళీ అనేస్తే సరిపోయేది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"నాకు తెలీదు నరసింహారావుగారూ" అన్నాడు. "గయ వెళ్ళొచ్చాక నేను మామిడిపండు తినలేదు. నోట్లో వేసుకుని ఉమ్మేస్తున్నాను. అలాగే రాస్తున్నాను."

లక్ష్మీనరసింహారావుకి ఆ మాట తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. చేతిలో పత్రికని ఒకసారి చూసుకున్నాడు.

"గయ వెళ్ళొచ్చాకా? అంటే, రసాల కాలం చెల్లిపోయింది, తెలివైన రైతు బంగినపల్లి వేసుకుంటాడు అని రాశారే... అది కూడా...?"

"అది కూడా."

"ముసునూరులో మా నాన్న పెంచిన చిన్నరసాల తోట ఉండేదండి" అన్నాడు లక్ష్మీనరసింహారావు. గొంతు చిత్రంగా నెమ్మదిగా ఉంది. "మీరు రాసింది చదివి మొత్తం కొట్టించాను. నాన్న చెట్టుకి అడ్డంగా నిలబడితే, చెయ్యి పట్టుకుని నేనే పక్కకి లాగాను. తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. పోయేదాకా మాట్లాడలేదు."

చెట్లకింద సలోమోను తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బావగారూ" అంది రాజ్యలక్ష్మి. ఆయన ఎదుట ఆవిడ ఇంత సూటిగా మాట్లాడింది అదే మొదలు. "మీరైనా ఈ పండు ఎప్పుడైనా తిన్నారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తనతో మాటలు లేని తండ్రి తోటలో పండు ఏ మొహంతో తింటాడు? తినకుండానే కొట్టించడానికి మాత్రం వచ్చాడు. రాజ్యలక్ష్మి ఆ మాట పైకి అనలేదు. బకెట్లోంచి ఒక పండు తీసి తుడిచి ఇచ్చింది.

ఆయన తొడిమ ఊడదీశాడు. సొనచుక్క నేల మీద పడింది. పిసికి నోటికి పెట్టుకున్నాడు. మింగాడు. మళ్ళీ మింగాడు. కళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి. సలోమోను దగ్గరికొచ్చి, "ఏ చెట్టు కాడ మొదలెట్టమంటారు బాబూ?" అని అడిగాడు. ఆయన పలకలేదు. రెండోసారి అడిగినా పలకలేదు. పండు తిన్నాక పున్నయ్యగారు అచ్చం అలాగే ఉండిపోయేవారని రాజ్యలక్ష్మికి గుర్తొచ్చి, ఇందాకటినుంచి ఆపుకున్న ఏడుపు ఇప్పుడు వచ్చేసింది.

లక్ష్మీనరసింహారావు కళ్ళు తెరిచాడు. టెంక ఇంకా చేతిలోనే ఉంది.

"సలోమోనూ, రంపాలు అక్కడే ఉండనీ. వాటిని ఎవరూ ముట్టుకోవద్దు."

"అంటే కొట్టించరా బావగారూ?"

"పండు బంగారం అమ్మాయ్. కానీ నేను తింటే ఏం లాభం? షావుకార్లు పండు తిని కొనరు, ఫలవాణి చదివి కొంటారు. ఇందాక చెప్పిన మాట ఈయన పత్రికలో రాస్తే ఆ రంపాలు నేనే తీసి బండిలో వేస్తాను. రాయకపోతే ఈ చెట్లని నేనూ కాపాడలేను, నువ్వూ కాపాడలేవు." సీతారామాంజనేయులు వైపు తిరిగాడు. "లేవండి. మీ బండి ఎక్కండి."

"ఎక్కడికి?"

"ముసునూరు. కొట్టించిన చెట్ల మొద్దులు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటి మధ్య కూచుని రాద్దురుగాని."

గోవిందమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, ఎవరూ పిలవకుండానే బండెక్కి ఒక పక్కకి జరిగి కూచుంది. భర్తకి చోటు విడిచి, ఆయన వంక చూస్తోంది. రాజ్యలక్ష్మి కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి, మావగారి కలం తెచ్చింది. చూపు ఆనకపోయినా పెద్దాయన జేబులోనే ఉంచుకున్న కలం.

సీతారామాంజనేయులు దాన్ని అందుకున్నాడు. పెద్దచెట్టు మొదట్లో రంపాల వంక చూశాడు. ఒక కాలు బండి మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు ఇంకా నేల మీదే ఉంది.